పని చోట కష్టమొస్తే ఏది మేలు: ఒంటరిగా వెళ్లడమా, వాట్సాప్ గ్రూపా, యూనియనా?

గచ్చిబౌలిలో హెచ్ఆర్ మీటింగ్‌కి పిలిచి, "మీరే రిజైన్ చేయండి, రిలీవింగ్ లెటర్ మంచిగా ఇస్తాం" అంటారు. జీడిమెట్లలో కాంట్రాక్టర్ మారగానే పదేళ్ల సర్వీసు కాగితాల మీద మళ్లీ మొదటి రోజు నుంచి మొదలవుతుంది. కూకట్‌పల్లిలో డెలివరీ చేసే కుర్రాడు పొద్దున లేచి చూసుకునేసరికి ఐడీ బ్లాక్ అయి ఉంటుంది. ఎందుకని అడగడానికి అవతల మనిషే ఉండడు. ఈ ముగ్గురి జీతాలూ జీవితాలూ వేరు. అయినా ఆ పూట ముగ్గురికీ వచ్చే సందేహం మాత్రం ఒకటే: ఇప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లాలి?

మన హైదరాబాద్‌లో జనం పట్టే దారులు మూడు. ఒంటరిగా లేబర్ ఆఫీసుకో కోర్టుకో వెళ్లడం, తోటివాళ్లతో వాట్సాప్ గ్రూపు పెట్టుకోవడం, యూనియన్‌లో చేరడం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇప్పటికే సంపాదించుకున్న డబ్బు రాబట్టుకోవాలంటే ఒంటరిగా వెళ్లినా పని జరుగుతుంది. రేపటి రేటు, రేపటి డ్యూటీ గంటలు, రేపటి భద్రత మారాలంటే యూనియన్ తప్ప దారి లేదు. గ్రూపు ఈ రెంటికీ సాయపడుతుంది కానీ దేనికీ సరిపోదు.

ఒంటరి దారి గురించి మనవాళ్లకు భయం ఎక్కువ, తెలిసింది తక్కువ. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో అంజయ్య కార్మిక సంక్షేమ భవన్ ఉంది. కార్మిక శాఖ ఆఫీసులు అక్కడే. ఫిర్యాదు పెట్టడానికి లాయర్ ఉండాలన్న నియమం లేదు, తెల్ల కాగితం మీద రాసిచ్చినా తీసుకుంటారు. 2025 నవంబర్ 21న పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలో వేతనాల కోడ్ ప్రకారం ఉద్యోగి మానేసినా, యజమాని తీసేసినా, రావాల్సిన జీతం రెండు పని దినాల్లో ఇచ్చేయాలి. 'ఫైనల్ సెటిల్‌మెంట్‌కు రెండు నెలలు పడుతుంది' అనే మాటకు ఇప్పుడు జవాబు చట్టంలోనే ఉంది. పీఎఫ్ కట్టారో లేదో పాస్‌బుక్‌లో కనిపిస్తుంది. గ్రాట్యుటీ, ఓవర్‌టైమ్ లాంటివి కూడా హాజరు, జీతం స్లిప్పు, బ్యాంక్ స్టేట్‌మెంట్ చూసి తేల్చే లెక్కలు. కాగితం మీ చేతిలో ఉంటే వెనక వందమంది లేకపోయినా ఫరవాలేదు.

ఉద్యోగం నుంచి తీసేసినప్పుడు మాత్రం ఇంత సులువు కాదు. ఒక్కడే అయినా వివాదం లేవనెత్తవచ్చు. రాజీ కోసం అధికారి ముందు దరఖాస్తు పెట్టి 45 రోజులు గడిచినా తేలకపోతే నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. కాకపోతే తీసేసిన రోజు నుంచి అలా వెళ్లడానికి గడువు పాత చట్టంలో 3 ఏళ్లు ఉండేది, కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో 2 ఏళ్లే. ఐటీలో రాజీనామా రాయించుకోవడానికి అంత పట్టుబట్టేదీ ఇందుకే. మీ అంతట మీరే రాజీనామా చేసినట్టు కాగితం ఉంటే, తీసేశారని నిరూపించాల్సిన బరువు మీ మీద పడుతుంది. అందుకే ఆ గదిలో సంతకం పెట్టకండి. బయటికొచ్చాక "నన్ను రాజీనామా చేయమని అడిగారు" అని తేదీతో సహా హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టి, దాని కాపీ ఇంట్లో ఉంచుకోండి. 'నువ్వు మేనేజర్‌వి, నీకు ఈ చట్టం వర్తించదు' అంటే కూడా బెదరొద్దు. చూసేది మీరు నిజంగా చేసే పనిని, కార్డు మీద రాసిన హోదాను కాదు.

ఒంటరి దారిలో అసలు లోటు ఏమిటంటే, మీరు గెలిచినా మీ పక్క సీటు మనిషికి ఏమీ మారదు. మీకు రావాల్సిన డబ్బు మీకొస్తుంది, వచ్చే నెల అదే సంతకం ఇంకొకరి దగ్గర అడుగుతారు.

ఇక వాట్సాప్ గ్రూపు. దీన్ని తక్కువ చేసి మాట్లాడను. రేట్ కార్డ్ మారిన గంటలోనే స్క్రీన్‌షాట్లతో సహా ఊరంతా తెలిసిపోయేది గ్రూపు వల్లే. రోడ్డు మీద పడిపోయిన కుర్రాడిని గాంధీకో ఉస్మానియాకో చేర్చి, ఇంటికి ఫోన్ చేసి, సాయంత్రానికి డబ్బులు పోగు చేసేదీ గ్రూపే. ఆ ఆప్యాయతను ఏ చట్టమూ ఇవ్వలేదు. కానీ గ్రూపు ఎవరితోనూ ఒప్పందం మీద సంతకం చేయలేదు. అడ్మిన్ ఐడీ ఆగిపోతే గ్రూపు చల్లబడుతుంది. మేనేజ్‌మెంట్ మనిషి అందులో ఉన్నాడో లేడో ఎవరూ చెప్పలేరు. ఫ్యాక్టరీల్లో, ఆఫీసుల్లో ఇంకో ప్రమాదం ఉంది. పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సగం మంది, అంతకంటే ఎక్కువ మంది ఒకేసారి క్యాజువల్ లీవ్ పెట్టినా అది సమ్మె కిందికే వస్తుంది. 'రేపు ఎవరూ రావొద్దు' అని రాత్రి పదింటికి పెట్టిన మెసేజ్ మర్నాటికి చట్టవిరుద్ధ సమ్మె అవుతుంది, జరిమానా 1,000 నుంచి 10,000 రూపాయల దాకా, లేదా నెల వరకు జైలు. కోపంలో మెసేజ్ ఫార్వర్డ్ చేసేవాళ్లు ఈ సంగతి తెలుసుకుని చేయాలి.

యూనియన్ అనగానే ఈ నగరంలో చాలామందికి గుర్తొచ్చేది 2019 ఆర్టీసీ సమ్మె. 26 డిమాండ్లతో అక్టోబర్ 5న మొదలై 52 రోజులు సాగింది. దాదాపు 48 వేల మంది డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్‌లు దిగారు. గడువులోగా చేరనివాళ్లు 'సెల్ఫ్ డిస్మిస్' అయినట్టేనని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ అన్నారు. జీతాల్లేక దసరా, దీపావళి గడిచిపోయాయి, ప్రాణాలు పోయాయి. చివరికి ప్రధాన డిమాండ్ అయిన ప్రభుత్వంలో విలీనం దక్కకుండానే డ్యూటీకి వెళ్లారు. తర్వాత రిటైర్మెంట్ వయసు 58 నుంచి 60కి పెంచారు, సమ్మె కాలం జీతం ఇచ్చారు, దాంతోపాటు యూనియన్ల స్థానంలో డిపోకు ఇద్దరు చొప్పున ఉద్యోగులతో సంక్షేమ మండళ్లు తెచ్చారు. 'చూశావా, యూనియన్ పెట్టుకుంటే ఏమైందో' అని చెప్పేవాళ్లు కథను ఇక్కడ ఆపేస్తారు. 2023 ఆగస్టులో అదే ప్రభుత్వం విలీన బిల్లును అసెంబ్లీలో పాస్ చేయించింది. 43 వేల మందికి పైగా ప్రభుత్వ ఉద్యోగులయ్యే దారి పడింది. ఎన్నికల ముందు తీసుకున్న నిర్ణయం అనొచ్చు, కాదనను. అయినా ఆ డిమాండ్‌ను ప్రతి ఇంటికీ తెలిసేలా చేసింది ఆ 52 రోజులే.

ఆ సంక్షేమ మండళ్ల గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే ఐటీ కంపెనీల్లోనూ 'ఎంప్లాయీ ఫోరం' పేరుతో ఇలాంటివే కనిపిస్తాయి. క్యాంటీన్, రెస్ట్ రూమ్, డ్యూటీ చార్ట్ లాంటివి వీటిలో తేలతాయి, అవి చిన్న విషయాలేమీ కావు. జీతం గురించి మాత్రం అవి అడగగలవు, పట్టుబట్టలేవు. కాదంటే ఏం చేస్తారన్న దానికి వాటి దగ్గర జవాబు ఉండదు.

గిగ్ వర్కర్ల, అంటే యాప్‌ల ద్వారా డెలివరీలూ క్యాబ్‌లూ నడిపేవాళ్ల సంగతి చూస్తే యూనియన్ విలువ ఇంకా బాగా తెలుస్తుంది. చట్టం వాళ్లను యజమాని–ఉద్యోగి సంబంధానికి బయట ఉన్నవాళ్లుగా చూస్తుంది. పాత లెక్క ప్రకారం వాళ్లకు యూనియనే సాధ్యం కాకూడదు. అయినా తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్ లాంటివి నిలబడ్డాయి. 2023 డిసెంబర్‌లో నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి క్యాబ్, ఆటో, డెలివరీ వాళ్లతో మాట్లాడి 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించారు. 2025 ఏప్రిల్‌లో వాళ్ల కోసం ముసాయిదా బిల్లు వచ్చింది. ఇలాంటి చర్చకు ఒక వాట్సాప్ గ్రూపును ఎవరూ పిలవరు. పేరు, సభ్యత్వం, బాధ్యత తీసుకునే మనుషులు ఉంటేనే పిలుస్తారు.

యూనియన్ పెట్టడానికి కనీసం ఏడుగురు కావాలి. సంస్థలో పనిచేసేవాళ్లలో పది శాతం లేదా వందమంది, వీటిలో ఏది తక్కువైతే అంతమంది సభ్యులుండాలి. కష్టం ఈ సంఖ్యలో లేదు, ముందుగా పేరు రాసే ఆ ఏడుగురి ధైర్యంలో ఉంది. యూనియన్‌లో చేరినందుకు బెదిరించడం, తీసేయడం చట్టం దృష్టిలో అన్యాయమైన కార్మిక విధానమే. కానీ ఆ సంగతి తేలేలోపు ఇంటి అద్దె ఆగదు. చిన్న కంపెనీలో ఉన్నవాళ్లకు నేను చెప్పేది, సొంతంగా పెట్టుకోవడం కంటే మీ రంగమంతటికీ ఉన్న యూనియన్‌లో సభ్యులవ్వండి. అప్పుడు యాజమాన్యంతో మాట్లాడటానికి మీ జీతం మీద ఆధారపడని మనిషి వస్తాడు.

అన్ని యూనియన్లూ మంచివని నేను అనను. పార్టీ జెండా కోసమే నడిచేవీ, యాజమాన్యంతో కుమ్మక్కయ్యేవీ ఈ నగరం చూసింది. చేరే ముందు చందాకు రసీదు ఇస్తారా, లెక్కలు ఏటా సభ్యుల ముందు పెడతారా, కార్యవర్గానికి ఎన్నికలు చివరిగా ఎప్పుడు జరిగాయి, చర్చలకు వెళ్లేవాళ్లలో పని చేసేవాళ్లు ఎంతమంది, ఆడవాళ్లు ఎంతమంది అని అడగండి. విసుక్కోకుండా జవాబు చెప్పే చోట చేరండి. అది కూడా ఉద్యోగం బాగున్నప్పుడే చేరండి. హెచ్ఆర్ పిలిచిన రోజున సభ్యత్వం తీసుకుంటే, మీ గురించి ఏమీ తెలియని మనిషి మీ తరఫున మాట్లాడాల్సి వస్తుంది.