సీసా బ్యాక్టీరియా, పాత స్పాంజ్, ఉత్త అమ్మోనియా: ఏళ్ల తరబడి వాడాక నా మాట

చేపలు వదిలేముందు కొత్త ట్యాంక్‌లో మేలు చేసే బ్యాక్టీరియాను పెంచుకోవాలి, దీన్నే సైక్లింగ్ అంటారు. అదెలా అని కొత్తగా చేపల ట్యాంక్ పెట్టేవాళ్లు ఎవరు అడిగినా నేను చెప్పే వరుస ఒకటే. బాగా నడుస్తున్న ట్యాంక్ నుంచి తెచ్చిన పాత ఫిల్టర్ స్పాంజ్ మొదటిది. అది దొరక్కపోతే ఉత్త అమ్మోనియా పోసి ఓపిక పట్టడం రెండోది. అంత ఓపిక లేనివాళ్లకు సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా మూడోది. మూడూ వేర్వేరు ట్యాంకుల్లో ఏళ్ల తరబడి వాడి చూశాను. సీసా మీద నాకు కోపమేమీ లేదు, ఇప్పటికీ అప్పుడప్పుడు కొంటాను. కాకపోతే 'వెంటనే చేపలు వదలొచ్చు' అని లేబుల్ మీద రాసి ఉన్నంత మాత్రాన చేపలు కొనుక్కురాను. నీళ్లు పరీక్షించే టెస్ట్ కిట్ సరేనన్నాకే తెస్తాను.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. చేపల మొప్పల నుంచి, అడుగున కుళ్లే మేత నుంచి నీళ్లలోకి అమ్మోనియా చేరుతుంది. కొన్ని సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి, ఇంకొన్ని ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపకు విషం. మూడోది మెల్లగా పేరుకుంటుంది, నీళ్లు మార్చి తగ్గించుకోవచ్చు. ఈ జీవులు నీళ్లలో తేలుతూ బతికేవి కావు. గ్రావెల్, గాజు, మొక్కల ఆకులు, ఎక్కడ పట్టు దొరికితే అక్కడ పొరలా అంటుకుని పెరుగుతాయి. నీళ్లూ ఆక్సిజనూ నిరంతరం పారే ఫిల్టర్ స్పాంజ్ వాటికి అన్నిటికంటే మంచి చోటు. అందుకే పాత ట్యాంక్ నుంచి బకెట్ నీళ్లు తెచ్చి పోస్తే సైక్లింగ్ అయిపోతుందనే సలహా విన్నప్పుడల్లా నవ్వొస్తుంది. ఆ బకెట్‌లో వచ్చేది ఎక్కువగా నైట్రేటే.

ఇక సీసాల సంగతి. లేబుల్ వెనక్కి తిప్పి చదివితే ఇవి రెండు రకాలని తెలుస్తుంది. ఒక రకంలో బాసిల్లస్ జాతివి ఉంటాయి. ఇవి స్పోర్లుగా మారి సీసాలో చాలాకాలం నిద్రపోగలవు కాబట్టి నిలవ ఉంచి అమ్మడం తేలిక. అడుగున చేరిన మడ్డి, మేత ముక్కలు వీటి తిండి. అంతేగానీ అమ్మోనియాను నైట్రేట్ దాకా తీసుకెళ్లడం వీటి పని కాదు. రెండో రకంలో నైట్రోసోమోనాస్, నైట్రోస్పైరా లాంటి అసలు పనివాళ్లు ఉంటాయి. ఇవి స్పోర్లు కట్టవు. వేడి గోదాంలో పడి ఉన్నా, గడ్డకట్టినా చచ్చిపోతాయి. అందుకే కొనేముందు గడువు తేదీ చూస్తాను, సీసాను చల్లటి చోట పెట్టారా, ఎండ తగిలే అద్దాల వెనక పెట్టారా అన్నదీ చూస్తాను.

నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చేది నైట్రోబాక్టరేనని చాలాకాలం రాసుకొచ్చారు. 1998లో పరిశోధకుడు తిమోతీ హోవనెక్, ఆయన సహచరులు మంచినీటి అక్వేరియంలలో ఆ పని చేస్తున్నది నైట్రోస్పైరా లాంటివని చూపించారు. 2015లో మరో సంగతి బయటపడింది. నైట్రోస్పైరాల్లో కొన్ని అమ్మోనియా నుంచి నైట్రేట్ దాకా మొత్తం పని ఒంటిచేత్తో చేసేస్తాయట! ఇదంతా తెలిశాక, నైట్రోబాక్టర్ పేరు ఒక్కటే గొప్పగా వేసుకున్న సీసాను చూస్తే నాకు నమ్మకం కుదరదు.

ఫలితం మాటకొస్తే, మంచి సీసా పడిన ట్యాంక్‌లో అమ్మోనియా తొందరగా దిగడం మొదలైంది, మామూలుగా పట్టే కాలంలో సుమారు సగానికే పని పూర్తయింది. అదే పేరున్న సీసా ఇంకోసారి తెచ్చి పోస్తే చుక్క తేడా కనిపించలేదు. దారిలో ఎక్కడో వేడి తగిలి ఉంటుంది. రంగు చూసి చెప్పలేం, వాసన చూసి అసలే చెప్పలేం. బతికి ఉన్న సీసా కూడా మూత తీయగానే కుళ్లిన గుడ్డు కంపు కొట్టవచ్చు. ఈ నిలకడలేనితనానికే సీసాకు మార్కులు తగ్గిస్తున్నాను. పోసేటప్పుడు బాగా కుదిపి, యూవీ లైట్ ఉంటే ఆపేసి, నేరుగా స్పాంజ్ మీద పడేలా పోయాలి. అంతకంటే ముందు నీళ్లలో క్లోరిన్ లేకుండా చూసుకోవాలి. పోసిన రోజు నుంచే వాటికి అమ్మోనియా అందాలి. ఖాళీ ట్యాంక్‌లో సీసా ఒంపేసి వారం తర్వాత చేపలు తెస్తే, ఆ వారమంతా వాటిని పస్తు పెట్టినట్టే.

ఉత్త అమ్మోనియా పద్ధతి చవకైనది, నమ్మదగ్గది, విసుగు పుట్టించేది. అమ్మోనియం క్లోరైడ్ గానీ, సువాసనలూ సబ్బూ కలపని అమ్మోనియా ద్రావణం గానీ వాడాలి. ఆ ద్రావణం సీసా ఊపితే నురగ వచ్చి అలాగే నిలిస్తే అందులో సబ్బు ఉన్నట్టు, వద్దు. నేను 2 పీపీఎం (పది లక్షల వంతుల్లో రెండు వంతులు) దగ్గర మొదలుపెడతాను. 5 దాటితే ఆ బ్యాక్టీరియాకే ఇబ్బంది. హీటర్ 28 డిగ్రీల దగ్గర ఉంచి, ఎయిర్ పంప్ రాత్రీ పగలూ నడుపుతాను. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఇవి నెమ్మదిగా పెరిగే జాతి, రెట్టింపు కావడానికే చాలా గంటలు, ఒక్కోసారి రోజు పైనే పడుతుంది. మొదట్లో నీళ్లు పాలలా తెల్లబడితే టెన్షన్ పడక్కర్లేదు. అది వేగంగా పెరిగే వేరే రకం బ్యాక్టీరియా, దానంతట అదే పోతుంది.

ఎక్కువమంది చేతులెత్తేసేది నైట్రైట్ దగ్గర. అమ్మోనియా సున్నాకు దిగిందని సంబరపడేలోపు నైట్రైట్ టెస్ట్ ట్యూబ్ ముదురు ఊదా రంగుకు తిరిగి, రోజుల తరబడి అక్కడే ఉంటుంది. దీనికి లెక్క ఉంది. బరువు ప్రకారం 1 పీపీఎం అమ్మోనియా సుమారు 2.7 పీపీఎం నైట్రైట్ అవుతుంది. అంటే 2 పీపీఎం అమ్మోనియా ఒక్కసారి వేస్తేనే నైట్రైట్ 5.4కి చేరుతుంది. చాలా కిట్లలో రంగుల చార్టు 5 దగ్గర ఆగిపోతుంది. ఆ పైన 8 ఉన్నా 20 ఉన్నా ట్యూబ్‌లో కనిపించేది అదే ఊదా. లోపల తగ్గుతున్నా మనకు తెలియదు. ఇలాంటప్పుడు ట్యాంక్ నీళ్లు ఒక వంతు, శుభ్రమైన నీళ్లు మూడు వంతులు కలిపి టెస్ట్ చేసి, వచ్చిన అంకెను నాలుగుతో గుణిస్తాను. రెండు రోజులకోసారి ఇలా చూస్తే దిగుతోందో లేదో తేలిపోతుంది. దిగకపోతే సగం నీళ్లు మార్చేస్తాను. నీళ్లు మారిస్తే బ్యాక్టీరియా పోతుందని భయపడతారు గానీ, అది స్పాంజ్‌లో ఉంది, నీళ్లలో కాదు.

పీహెచ్ గురించి ఎవరూ చెప్పరు. ఈ ప్రక్రియ నీళ్లలోని కార్బనేట్లను, అంటే కేహెచ్‌ను తినేస్తూ పోతుంది. మెత్తటి నీళ్లలో కేహెచ్ అయిపోగానే పీహెచ్ జారిపోతుంది. 6.5 కిందికి వస్తే పని మందగిస్తుంది, 6 కింద దాదాపు ఆగిపోతుంది. అంతా బాగానే సాగుతూ సైక్లింగ్ ఉన్నట్టుండి నిలిచిపోతే నేను మొదట చూసేది కేహెచ్‌నే. చిటికెడు వంటసోడా చాలాసార్లు దాన్ని మళ్లీ కదిలించింది.

కిట్ అంటే చుక్కలు వేసే లిక్విడ్ కిట్టే. నీళ్లలో ముంచి రంగు చూసే పట్టీలు నాకు నచ్చలేదు, వాటిలో చాలావాటికి అమ్మోనియా గడి కూడా ఉండదు. లిక్విడ్ కిట్‌లోనూ నైట్రేట్ రెండో సీసా పేచీ పెడుతుంది. లోపలి పొడి అడుగున గడ్డకడుతుంది. అరనిమిషం గట్టిగా కుదపకుండా చుక్కలు వేస్తే, నైట్రేట్ నిండా ఉన్న నీళ్లు కూడా పసుపుగా కనిపించి సున్నా అని చెబుతాయి. వెలుతురులో, తెల్లకాగితం ముందు పెట్టి రంగు చూడాలి. 2 పీపీఎం అమ్మోనియా వేశాక ఇరవై నాలుగు గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వస్తే ట్యాంక్ సిద్ధం. అప్పుడు నీళ్లు ఎక్కువగా మార్చి, నైట్రేట్ తగ్గించి చేపలు వదలాలి.

పాత స్పాంజ్ ముందు ఇవన్నీ దిగదుడుపే. ముదురు గోధుమ రంగులో, తాకితే జారుడుగా ఉండే స్పాంజ్‌ను ట్యాంక్ నీళ్లలోనే ముంచి, ఆరకుండా తెచ్చి కొత్త ఫిల్టర్‌లో పెడితే కొద్ది రోజుల్లో ట్యాంక్ నిలబడుతుంది. ఇచ్చేవాళ్ల ట్యాంక్‌లో రోగం ఉంటే అదీ వెంట వస్తుంది, నత్తలైతే చెప్పనే అక్కర్లేదు. అందుకే ఇప్పుడు నా ట్యాంకుల్లో ఒకదానిలో ఎప్పుడూ ఒక స్పాంజ్ అదనంగా నడుస్తూ ఉంటుంది. ఎవరైనా అడిగితే అదే ఇస్తాను, దాని చోటులో కొత్తది పెడతాను.

ఆ తర్వాత చేయాల్సింది తక్కువే. స్పాంజ్‌ను ట్యాంక్ నుంచి తీసిన నీళ్లలో పిండుతాను, కుళాయి కింద ఎప్పుడూ పెట్టను. నెలనెలా ఫిల్టర్ కార్ట్రిడ్జ్ మార్చమని డబ్బా మీద రాసి ఉంటే పట్టించుకోను. ఊడిపోయేదాకా అదే వాడతాను, కొత్తది పెట్టాల్సి వస్తే కొంతకాలం రెండూ పక్కపక్కన నడుపుతాను. కరెంటు గంటలకొద్దీ పోయినప్పుడు మాత్రం, అది తిరిగి రాగానే మూసి ఉండే కెనిస్టర్ ఫిల్టర్‌ను ఆన్ చేయను. లోపల ఆక్సిజన్ అయిపోయి చచ్చినదంతా ఒక్కసారిగా ట్యాంక్‌లోకి వస్తుంది. తెరిచి, లోపలి నీళ్లు పారబోసి, స్పాంజ్‌ను ట్యాంక్ నీళ్లలో ఒకసారి ముంచి తీశాకే ప్లగ్ పెడతాను. మర్నాడు అమ్మోనియా చూసుకుంటాను.