అద్దె పికప్‌లో మెకాంగ్ దాటి లావోస్‌కు

థాయ్‌లాండ్‌లో బండి అద్దెకిచ్చేవాళ్లకు కొదవ లేదు. లావోస్‌కు తీసుకెళ్తామనగానే చాలామంది తల అడ్డంగా ఊపుతారు. ఉడాన్ థానీలో ఒక ఏజెన్సీ ఒప్పుకుంది. ఆటోమేటిక్ హైలక్స్ పికప్, రోజుకు 1,900 బాత్. లావోస్ కాగితాలకు విడిగా 3,000, డిపాజిట్ 20,000.

బండికి వంక పెట్టను. స్టెప్నీలో గాలి లేదు, అంతే.

గొడవంతా కాగితాల ఫైలుతోనే. అందులో ఊదారంగు అట్ట పుస్తకం ఒకటి ఉంటుంది. థాయ్ రవాణా శాఖ ఇచ్చే ఆ పుస్తకమే బండికి పాస్‌పోర్టు. దాంతోపాటు బండి వెనక అతికించే 'టీ' అక్షరం స్టిక్కర్. బండి మన పేరున లేదు కాబట్టి యజమాని అనుమతి పత్రం కూడా కావాలి. మా పత్రంలో నంబరు ప్లేటు అంకె ఒకటి తప్పు కొట్టారు. సరిహద్దులో మెకాంగ్ నది మీదున్న నోంగ్‌ఖాయ్ వంతెన దగ్గర కిటికీలో ఉన్నావిడ పుస్తకం, పత్రం పక్కపక్కన పెట్టి, ఆ అంకె మీద వేలు పెట్టి చూపించింది. ఆవిడనేం అంటాం? ఏజెన్సీ కుర్రాడు బైక్ మీద కొత్త పత్రం తెచ్చేసరికి మూడు గంటలు పట్టింది. సారీలు బోలెడు చెప్పారు, ఒక్క బాత్ తగ్గించలేదు.

ఇంకో సంగతి నేను అడిగేదాకా వాళ్లు నోరు విప్పలేదు. థాయ్ ఇన్సూరెన్స్ లావోస్‌లో పనికిరాదు. సరిహద్దులో థర్డ్ పార్టీ పాలసీ కొనుక్కోవచ్చు గానీ, మన బండికి సొట్ట పడితే ఖర్చు మనదే.

1994లో కట్టిన వంతెన అది, పొడవు 1,170 మీటర్లు, మధ్యలో రైలు పట్టాలు. వంతెన మీద ఎడమవైపే వెళ్తాం. లావోస్‌లో బళ్లు కుడివైపు నడుస్తాయి కాబట్టి, వంతెనకు అటు చివర సిగ్నల్ దగ్గర కుడివైపుకు మారాలి. రోడ్డు మారింది గానీ స్టీరింగ్ కుడివైపే ఉండిపోయిందిగా! ముందు లారీ ఉంటే ఎదురుగా ఏమొస్తోందో నాకు కనబడదు, ఎడమ సీట్లో ఉన్న మా ఆవిడకే కనబడుతుంది. "ఆగండి, బస్సొస్తోంది... ఆఁ, ఇప్పుడు పోనివ్వండి" అని ఆవిడ అంటే తప్ప ఓవర్‌టేక్ లేదు. రాజధాని వియంటియాన్ నుంచి వాంగ్ వియెంగ్ ఊరి దాకా 2020 చివర్లో ఎక్స్‌ప్రెస్‌వే వేశారు, దాదాపు 110 కిలోమీటర్లు. అక్కడ హాయి. టోల్ కిటికీ కూడా ఆవిడ వైపే, లావోస్ డబ్బు కిప్ నోట్ల కట్ట ఆవిడ ఒళ్లోనే. అది దాటి లువాంగ్ ప్రబాంగ్ వైపు కొండలెక్కితే మాత్రం మలుపు మలుపుకీ టెన్షన్. ఒంటరిగా వెళ్లేవాళ్లకు ఈ బండి నేను చెప్పను.

తిరిగొచ్చేటప్పుడు, వెళ్లేనాడు థాయ్ కస్టమ్స్ ఇచ్చిన కాగితం అక్కడే అప్పగించాలి. దాన్ని పాస్‌పోర్టుతోపాటే దాచాను. ఉడాన్‌లో టార్చి వేసి బండి అడుగు కూడా చూశారు, డిపాజిట్ మొత్తం అప్పటికప్పుడే చేతిలో పెట్టారు.

బండికి నాలుగు స్టార్లు, కాగితాల పనికి రెండు. మళ్లీ వెళ్తే వాళ్ల దగ్గరే తీసుకుంటాను, కాకపోతే ముందురోజు సాయంత్రమే వెళ్లి ఆ పత్రంలో ప్రతి అంకె మా ఆవిడ చేత పైకి చదివిస్తాను.