బాకీ అడిగే పని జోహో ఇన్‌వాయిస్‌కి అప్పగించాక

విజయవాడలో ఇంట్లోంచే డీటీపీ చేస్తాను. పుస్తకాల పేజీ లేఅవుట్లు, ముఖచిత్రాలు, కంపెనీల బ్రోషర్లు. సొంతంగా పని చేసుకునేవాళ్ళందరికీ తెలిసిన బాధే నాదీనూ. రాత్రి రెండింటి దాకా కూర్చుని ప్రూఫులు దిద్దడానికి ఓపిక ఉంటుంది కానీ, తెల్లారి ఫోన్ చేసి "సార్, నా డబ్బులు..." అనడానికి మాత్రం నోరు పెగలదు. రేటు తగ్గించడం వల్ల పోయిన డబ్బు కంటే, అడగలేక వదిలేసుకున్న డబ్బే నాకు ఎక్కువ.

బిల్లులు తయారు చేసి మెయిల్లో పంపే యాప్ జోహో ఇన్‌వాయిస్. అది 2021లో పూర్తిగా ఉచితమైంది, నేను 2022 నుంచి వాడుతున్నాను. బిల్లు తయారు చేయడం, లోగో పెట్టుకోవడం గురించి బోలెడు వీడియోలు ఉన్నాయి, అవన్నీ మళ్ళీ ఇక్కడెందుకు? నేను చెప్పాలనుకున్నది దాంట్లో ఉన్న ఒకే ఒక్క సెట్టింగు గురించి. ఆటోమేటిక్ రిమైండర్. గడువు తేదీకి ఎన్ని రోజుల ముందు, దాటాక ఎన్ని రోజులకి మెయిల్ వెళ్ళాలో ఒకసారి చెప్పి పెడితే చాలు, ఆ తర్వాత అదే పంపుతుంది. మెయిల్లో ముందే ఉన్న ఇంగ్లీషు మాటలు తీసేసి నా మాటలు పెట్టుకున్నాను: "నమస్కారం. ఈ బిల్లు గడువు దాటి వారం అయింది. వీలు చూసుకుని చెల్లించగలరు. బిల్లు మళ్ళీ జత చేస్తున్నాను." ఇంతే. ఈ నాలుగు ముక్కలు నేను ఫోన్లో చెప్పాలంటే ఒక పూట పోతుంది.

ఇది నిజంగా ఎంత పని చేస్తుందో 2024 మార్చిలో తెలిసింది. అంతకు ముందు నవంబరులో ఒక విత్తనాల కంపెనీకి మిర్చి సాగు మీద రైతులకి పంచే బుక్‌లెట్ చేసిచ్చాను. పని అప్పగించిన మేనేజరు మంచివాడే. బిల్లు సంగతి ఎత్తితే మాత్రం "పైకి పంపానమ్మా" అనేవాడు. సంక్రాంతి వెళ్ళిపోయింది, శివరాత్రి కూడా వెళ్ళిపోయింది. యాప్‌లో చూస్తే ఆయన బిల్లు తెరిచి చూసినట్టే కనిపిస్తోంది, చూశాక కదలిక లేదు. ఒక కస్టమరు కింద ఇంకో మనిషి మెయిల్ కూడా చేర్చుకోవచ్చు కాబట్టి, పాత ఉత్తరాల్లోంచి వాళ్ళ అకౌంట్స్ సెక్షన్ చిరునామా వెతికి చేర్చాను. తర్వాతి రిమైండరు ఇద్దరికీ వెళ్ళింది.

రెండో రోజు అకౌంటెంటుగారే ఫోన్ చేశారు. "మేడమ్, ఈ బిల్లు నా టేబుల్ మీదికి ఇదే మొదటిసారి రావడం. దీని మీద ఉద్యమ్ నంబరు ఉంది కదా, మీది మైక్రో యూనిట్టేనా?" అని అడిగారు. అవునన్నాను. ఉద్యమ్ అంటే చిన్న వ్యాపారాలకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే రిజిస్ట్రేషన్. దానికి రూపాయి ఖర్చు లేదు, ఆధార్, పాన్ ఉంటే ఆన్‌లైన్లో అయిపోతుంది. ఎప్పుడో చేయించుకుని, ఆ నంబరు బిల్లు టెంప్లేట్‌లో అడుగున వేసి ఉంచాను. ఆయన చెప్పిందేమిటంటే, మా బోటి చిన్న యూనిట్లకి రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ (చిన్న పరిశ్రమల) చట్టంలోనే ఉందట. ఆ ఏడాది లెక్కల నుంచి ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) అనే నిబంధన కూడా వచ్చింది. గడువు దాటిన మా బాకీని మార్చి 31 లోపు తీర్చకపోతే, ఆ ఏడాది దాన్ని ఖర్చు కింద చూపించుకోవడానికి కంపెనీకి వీల్లేదు. "మీరేమీ అనుకోకండి, ఈ వారంలోనే వేసేస్తాం" అన్నారు. వేశారు కూడా. గొడవ పడలేదు, గొంతు పెంచలేదు, ఆ కంపెనీ ఇప్పటికీ నాకు పనులిస్తోంది. అందుకే ఈ సెట్టింగంటే నాకంత ప్రాణం.

ఆ డబ్బు టీడీఎస్ (ఇచ్చేవాళ్ళే ముందుగా కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) పోను వచ్చింది. దాన్నీ విడిగా రాసుకునే చోటు యాప్‌లో ఉంది. ఒకరు వృత్తి ఫీజని పది శాతం కోస్తారు, ఇంకొకరు కాంట్రాక్టని ఒక శాతం. వచ్చింది నమోదు చేసేటప్పుడే కోసింది కూడా రాసేస్తే రిటర్ను వేసేనాడు, మన పేరున ఎంత పన్ను జమైందో పన్ను శాఖ చూపించే పట్టీ (26ఏఎస్)తో సరిచూసుకోవచ్చు. బిల్లులోంచే ఆన్‌లైన్లో డబ్బు కట్టించుకునే చెల్లింపుల గేట్‌వే మాత్రం నేను తగిలించలేదు, ప్రతి చెల్లింపులోనూ కమీషన్ పోతుంది. బిల్లు కింద యూపీఐ ఐడీ, బ్యాంకు ఖాతా రాసి ఊరుకున్నాను.

దీనితో పాటు క్లాకిఫై కూడా ఉచితంగానే వాడుతున్నాను, ఏ పనికి ఎంతసేపు పట్టిందో తెలియడానికి. అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లు) ఉన్న పాత పుస్తకాలని యూనికోడ్‌కి మార్చాక ఒత్తులు దిద్దడానికి పట్టే సమయం పేజీలు కట్టడానికి పట్టే సమయాన్ని మించిపోతోందని అది పెట్టాకే అర్థమైంది. ఇప్పుడు కన్వర్షన్‌కి విడిగా రేటు చెబుతున్నాను.

ఉచితం అనే మాటని గుడ్డిగా నమ్మకూడదని మాత్రం ఇంకో యాప్ నేర్పింది. పేరెందుకు లెండి. బ్యాంకు మెసేజీలు చదివి ఖర్చులు తనే రాసిపెట్టేది. ఒకనాడు హఠాత్తుగా, పాత లెక్కలు దించుకోవాలంటే డబ్బు కట్టాలంది. ఏడాది ఖర్చులన్నీ దాంట్లోనే ఉన్నాయి. బ్యాంకు స్టేట్‌మెంట్లు ముందేసుకుని గూగుల్ షీట్స్‌లో మళ్ళీ మొదటి నుంచి ఎక్కించుకున్నాను. అప్పటి నుంచి జోహోలోని బిల్లుల జాబితాని కూడా ప్రతి నెలాఖరుకీ ఫైలుగా దించి దాచుకుంటున్నాను.

మొదట్లో నా స్నేహితులందరికీ "ఇది పెట్టుకోండి, ఇక మీకు బాకీలుండవు" అని చెప్పేదాన్ని. ఇప్పుడు ఆ మాట అంత గట్టిగా చెప్పలేను. మెయిల్ చూసే అలవాటు, అకౌంట్స్ విభాగం ఉన్న కంపెనీల దగ్గర అది నిజం. నా పనిలో సగం ఏలూరు రోడ్డు చిన్న ప్రచురణకర్తలది. వాళ్ళు వాట్సాప్ తప్ప ఇంకేదీ తెరవరు. "జనవరిలో పుస్తకాల పండగ కానీయమ్మా, స్టాళ్ళ డబ్బు రాగానే ఇచ్చేస్తా" అంటారు, చాలామంది ఇస్తారు కూడా. సొంత డబ్బు పెట్టి కవిత్వం అచ్చేయించుకునే రిటైర్డు మాస్టారికి "గడువు దాటింది" అని మెయిల్ పంపడం నాకు ఇష్టం లేదు. అలాంటి బిల్లులకి రిమైండర్లు ఆపేసే వీలు కూడా ఉంది, ఆపేస్తాను.

ఏడాదికి నా బిల్లులు ఇరవై లక్షల లోపే కాబట్టి జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు. ఉన్నవాళ్ళు ఆ సంగతి విడిగా కనుక్కోండి. కంపెనీలకి పని చేస్తూ, ఫోన్ చేసి డబ్బు అడగలేక సతమతమయ్యేవాళ్ళు మాత్రం ముందు ఉద్యమ్ నంబరు తెచ్చుకుని బిల్లు మీద వేయండి, ఆ తర్వాత ఈ రిమైండర్లు పెట్టండి. అకౌంట్స్ వాళ్ళ మెయిల్ మాత్రం పని ఒప్పుకునే రోజే అడిగి తీసుకోండి.