పూర్ణా మార్కెట్‌లో కుట్టించిన క్యాబిన్ బ్యాగు ఎలా ఉందంటే

విమానంలోకి చేత్తో తీసుకెళ్లే బ్యాగు మంచిదా కాదా అని తేల్చడానికి నాకు ఒకటే కొలమానం. దాన్ని మోసుకొచ్చిన మనిషే, పక్కవాళ్లను పిలవకుండా, తల మీది అరలోకి ఎత్తి పెట్టుకోగలగాలి. నా ఎత్తు ఐదడుగులు, వయసు అరవై దాటింది. అందుకు తగిన బ్యాగు దుకాణాల్లో దొరకలేదు. మా విశాఖలో పూర్ణా మార్కెట్ దగ్గర ఒక సందులో బ్యాగులు కుట్టే ఆయన చేత కుట్టించుకున్నాను. హైదరాబాద్‌లో అమ్మాయి దగ్గరికి వెళ్లినా, బెంగళూరులో అక్క దగ్గరికి వెళ్లినా ఇప్పుడు ఇదే నా వెంట ఉంటుంది.

జగదాంబ కూడలిలోనూ డాబాగార్డెన్స్‌లోనూ ట్రాలీ బ్యాగులు చాలానే చూశాను. “ఇరవై అంగుళాలమ్మా, క్యాబిన్‌కి సరిపోతుంది” అంటారు. చాలా బ్యాగుల మీద ఆ ఇరవై అంగుళాలు పెట్టె వరకే. విమాన సంస్థ వాళ్లు చక్రాలనూ పిడినీ కలుపుకొని కొలుస్తారు. దేశంలో తిరిగే విమానాల్లో ఎకానమీ టికెట్టు మీద మన ప్రధాన సంస్థలు అనుమతించేది 7 కిలోలు. పొడవు, వెడల్పు, మందం కలిపి 115 సెంటీమీటర్లు దాటకూడదు. అంటే సుమారు 55, 35, 25. నాలుగు చక్రాల గట్టి ట్రాలీ ఖాళీగానే రెండున్నర, మూడు కిలోలు తూగుతుంది. ఇక నాలుగు చీరలు, మందులు, అమ్మాయికి ఇష్టమైన మాడుగుల హల్వా, రెండు కిలోల అనకాపల్లి బెల్లం సర్దేసరికి 7 కిలోలు నిండిపోతాయి. చక్రాల బరువు మోయడానికి బెల్లం మానుకోవడం నాకు ఇష్టం లేదు.

“చక్రాలు వద్దా అమ్మా?” అని కుట్టే ఆయన అడిగారు. వద్దన్నాను. ఆయన ఇంకేమీ వాదించకుండా టేపు తీసి, నా భుజం నుంచి తుంటి వరకు కొలిచి, తర్వాత కాగితం మీద బొమ్మ గీశారు. 55 అని నేను చెబితే 52 చాలన్నారు. గుడ్డ బ్యాగు నిండితే ఉబ్బుతుంది, విమానాశ్రయంలో బ్యాగు పట్టిచూసే కొలత పెట్టెలో ఇరుక్కునేది అక్కడేనట. వెడల్పు 33, మందం 22 పెట్టారు. మందపాటి కాన్వాసు, లోపల నైలాన్ లైనింగు. ఖాళీ బ్యాగును ఇంట్లో వంటింటి కాటా మీద పెడితే కిలోకు కాస్త తక్కువే వచ్చింది.

అన్నిటికన్నా నాకు నచ్చింది పిడుల అమరిక. పైన ఉన్నవి కాక, బ్యాగు అడుగున అడ్డంగా ఒక పట్టీ, పక్కన సన్నని వైపు మరొకటి ఉన్నాయి. ఒక చెయ్యి అడుగు పట్టీ కింద, ఇంకో చెయ్యి పక్క పట్టీలో పెట్టి ఎత్తితే బరువు చేతుల మీద సమానంగా పడుతుంది. సీటు మీద కాలు పెట్టి ఎక్కాల్సిన పని లేదు. (చెప్పులతో సీటెక్కేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది, ఆ సీట్లో ఇంకొకరు కూర్చోవాలి కదా.) పట్టీలను గుడ్డకు అతికించినట్టు కుట్టలేదు. బెల్టు నాడా ఒకే ముక్కగా బ్యాగు అడుగు చుట్టూ తిప్పి పైకి తెచ్చారు. మొదలు దగ్గర నలుచదరం కుట్టి దాని మధ్యలో అడ్డంగా, ఐమూలగా మళ్లీ కుట్టారు. బరువు గుడ్డను లాగదు, నాడానే మోస్తుంది. ఇంతవరకు ఒక్క కుట్టు కూడా ఊడలేదు.

ముందు జేబును విడదీసే సంచిగా కుట్టమని నేనే అడిగాను. నాలుగు ప్రెస్ బటన్లు లాగితే చేతికొచ్చేస్తుంది. అందులో పవర్ బ్యాంకు, ఛార్జరు, బీపీ మాత్రలు ఉంటాయి. దానికి కారణం ఉంది. విమానం నిండి పై అరలు చాలకపోతే, గేటు దగ్గరే కొందరి బ్యాగులు తీసుకుని కింద సామాను గదిలో వేస్తారు. పవర్ బ్యాంకు మాత్రం అక్కడికి పోకూడదు. లిథియం బ్యాటరీ అంటుకుంటే సామాను గదిలో ఎవరికీ అందదు, క్యాబిన్‌లో అయితే సిబ్బంది చూసి ఆర్పగలరు. 100 వాట్ అవర్ల (బ్యాటరీలో పట్టే శక్తికి కొలత) లోపుదైతే ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. మామూలుగా కొనే 20,000 ఎంఏహెచ్‌ది దాదాపు 74 వాట్ అవర్లే. 2025 జనవరిలో దక్షిణ కొరియాలోని గిమ్హే విమానాశ్రయంలో ఒక విమానం, పై అరలో మొదలైన మంటకు కాలిపోయింది. పవర్ బ్యాంకు కారణం కావచ్చని దర్యాప్తులో చెప్పారు. ఆ వార్త చదివాక నా చిన్న సంచి పై అరలో పెట్టడం లేదు. విడదీసి ముందు సీటు కింద పెట్టుకుంటున్నాను. తనిఖీ దగ్గర ట్రేలో వేయడానికీ అదే సులువు.

పై అర అందరిదీ. ఈ బ్యాగును పొడవుగా లోపలికి తోస్తే సన్నని వైపే బయటికి కనిపిస్తుంది, పక్కవాళ్లకు చోటు మిగులుతుంది. వెనక వరుసలో సీటున్నవాళ్లు ముందు వరుసల అరల్లో సామాను పడేసి వెళ్లిపోవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. చివర వచ్చిన ముసలావిడ తన బ్యాగు ఎక్కడో పెట్టి, దిగేటప్పుడు ఎదురు నడవాల్సి వస్తుంది. వీపు మీద బ్యాగుతో నడవాలో పక్కకు తిరిగి, నడవా పక్కన కూర్చున్నవాళ్ల మొహానికి తగిలించేవాళ్లు కూడా దాన్ని ముందుకు మార్చుకుంటే చాలు. ఎండు చేపలు తీసుకెళ్లే మన ఊరివాళ్లకు ఒక మాట: హార్బర్ దగ్గర ఎంత గట్టిగా కట్టించినా వాసన ఆగదు, క్యాబిన్‌లోకి తేవద్దు. ఆవకాయ చెక్-ఇన్ సామానులో వేయాల్సిందే. ఎండు కొబ్బరి మండే వస్తువుల కింద లెక్క, కాబట్టి దాన్ని ఇంట్లోనే ఉంచండి.

ఇక లోపాలు. చక్రాలు లేకపోవడం విశాఖలో తెలియదు, మన టెర్మినల్ చిన్నదే. శంషాబాద్‌లో దిగాక బయటికొచ్చేసరికి మాత్రం భుజం లాగుతుంది. భుజం పట్టీ మీది మెత్త పలచన, జారిపోతుంది కూడా. అడుగున గట్టి అట్ట లేక బ్యాగు ఒక పక్కకు ఒరిగిపోతే, ప్లాస్టిక్ పలక కోసి నేనే వేసుకున్నాను. కాన్వాసుకు వాన పడదు. ఏటీఆర్ లాంటి చిన్న విమానమైతే చాలాసార్లు ఆరుబయట నడిచి మెట్లెక్కాలి, జూలైలో తడవక తప్పదు. పైగా అందులో అరలు కూడా ఇరుకు, బ్యాగు నిండా కుక్కితే పట్టదు.

ఇంకో సంగతి. ఆధార్ కార్డు, డబ్బు ఈ బ్యాగులో పెట్టను, ఒంటి మీది పర్సులోనే ఉంచుకుంటాను. 2024 జనవరి 2న టోక్యోలోని హనెడాలో జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం మంటల్లో చిక్కుకుంటే, అందులోని 379 మందీ బయటపడ్డారు. సామాను వదిలేసి దిగడం అందుకు ఎంతో తోడ్పడింది. నాకూ అలాంటి పరిస్థితి వస్తే బ్యాగు కోసం చెయ్యి చాచే అవసరం ఉండకూడదు.

నాకు 1,300 రూపాయలు తీసుకున్నారు, వారంలో ఇచ్చారు. దసరాకు, సంక్రాంతికి ముందు ఆయన చేతిలో పని ఎక్కువ, అప్పుడు ఆలస్యమవుతుంది. వెళ్తే భుజం పట్టీకి మందపాటి మెత్త, అడుగున పలక, పైన రెక్సిన్ తొడుగు ముందే అడిగి వేయించుకోండి. అమ్మాయికి కుట్టడానికి ఇచ్చిన బ్యాగుకు ఈ మూడూ చెప్పాను. ఇంకో రెండు వందలవుతుందన్నారు.