2147483647: ఆయిలర్ దారి, లూకాస్ దారి

గుంటూరు బ్రాడీపేటలో ఇంటర్ విద్యార్థులకు లెక్కలు చెప్పే నేను, 2 యొక్క 31వ ఘాతంలోంచి 1 తీసివేస్తే వచ్చే 2147483647 ప్రధాన సంఖ్యేనని రెండు విధాలుగా చూపిస్తాను.

1772 నాటికి గణిత శాస్త్రవేత్త ఆయిలర్ అనుసరించినది భాగహార మార్గం. ఈ సంఖ్యను భాగించగల ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే, దానిని 248తో భాగించినప్పుడు శేషం 1 గానీ 63 గానీ కావాలని ముందే తేలుతుంది కనుక, వర్గమూలమైన 46340 వరకు మహా అయితే 372 భాగహారాలు సరిపోతాయి. ఎక్కడా నిశ్శేషంగా భాగించబడకపోవడమే నిరూపణ. ఇంత పొదుపైన ఆలోచన నాకు ఇప్పటికీ అబ్బురమే.

రెండో దారి, గణిత శాస్త్రవేత్త లూకాస్ కనిపెట్టగా మరో గణితజ్ఞుడు లెహ్మర్ సరళం చేసిన పరీక్ష. ఇందులో 4తో మొదలుపెట్టి, వర్గం చేసి, 2 తీసివేసి, మన సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి. ఇలా 29 సార్లు చేస్తే చివరికి సున్న వస్తుంది; సున్న రావడమే ఇది ప్రధాన సంఖ్య అనడానికి నిరూపణ. చాలా పెద్ద ఘాతాలకు ఇదే మేలు.

అయితే 2 యొక్క 29వ ఘాతంలోంచి 1 తీసివేస్తే వచ్చే సంఖ్యను తీసుకుంటే, లూకాస్ పరీక్ష అది సంయుక్త సంఖ్య అని మాత్రమే చెబుతుంది. 233 దాని కారణాంకమని చూపేది భాగహారమే.