అరిగిన స్క్రూలతో హైదరాబాద్ నుంచి వైజాగ్ దాకా

కార్ ఆంప్లిఫయర్‌లో కరెంటు వైరును బిగించే స్క్రూ అరిగిపోతే, ఎక్కడ తీయించాలో తెలియక చాలామంది ఆంప్లిఫయర్‌నే పక్కన పడేస్తున్నారు. ఆ అవసరం లేదు. ఈమధ్య హైదరాబాద్ నుంచి విజయవాడ, రాజమండ్రి, అన్నవరం మీదుగా వైజాగ్ వెళ్లాం. ఈ పని కోసం తిరిగిన బజార్లు, దిగిన గదులు, పని చేసిపెట్టిన మనుషుల గురించి రాస్తున్నాను. ఇదే చిక్కు ఎవరికైనా వస్తే ఎక్కడ ఆగాలో, ఎక్కడ టైమ్ వృథానో తెలుస్తుంది.

మా పాత కారు అమ్మకానికి పెట్టాం. అందులోని నాలుగు ఛానెళ్ల ఆంప్లిఫయర్‌ను వైజాగ్‌లో ఉండే తమ్ముడికి ఇద్దామనుకున్నాం. పాతదే అయినా ఎంత సౌండ్ పెంచినా పాట చెదరదు. తీరా డిక్కీలోంచి తీద్దామంటే 12 వోల్టుల వైరు స్క్రూ, ఎర్త్ వైరు స్క్రూ రెండూ గుండ్రంగా అరిగి ఉన్నాయి. ఇవి పైకి తల కనిపించే స్క్రూలు కావు. ఇత్తడి దిమ్మలో పూర్తిగా లోపలికి దిగిపోయే గ్రబ్ స్క్రూలు. అలెన్ కీ పట్టే ఆరు మూలల గుంట ఒక్కటే మనకు ఆధారం. ఆ మూలలు పోయాయంటే కటింగ్ ప్లేయర్‌తో పట్టుకోవడానికి కూడా పైన ఏమీ మిగలదు.

హైదరాబాద్‌లో ముందు కార్ ఆడియో షాపులకే వెళ్లాం. పేర్లు రాయను. ఒకచోట చూసీ చూడగానే "ఇది రాదు సార్, కొత్తది తీసుకోండి" అన్నారు. ఇంకోచోట కుర్రాడు డ్రిల్ తెచ్చి, ఆంప్లిఫయర్ డిక్కీలో ఉండగానే, మూత కూడా తీయకుండా రంధ్రం వేయబోయాడు. ఆపేశాను. ఆ ఇనుప రజను లోపలి బోర్డు మీద పడితే, పవర్ ఇచ్చిన క్షణంలో షార్ట్ అయి ట్రాన్సిస్టర్లు పోతాయి. అలాంటి షాపుల్లో కొత్త వైరింగ్ చక్కగా చేస్తారు, అది వాళ్ల రోజువారీ పని. లోహంతో చేసే పని వేరు. దానికి లేత్ మిషన్ దగ్గర పెరిగిన చేయి కావాలి.

రాణిగంజ్ మాత్రం వెళ్లి తీరాల్సిన చోటు. ట్యాంక్‌బండ్ దాటి సికింద్రాబాద్ వైపు వెళ్తే వచ్చే ఈ బజారులో బోల్టు, బేరింగు, డ్రిల్ బిట్, ట్యాప్ (రంధ్రంలో మర కోసే పనిముట్టు) అన్నీ దొరుకుతాయి. కారు వేసుకుని వెళ్లొద్దు, నిలపడానికి చోటుండదు. ఆటోలో వెళ్లడమే నయం. ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి. అక్కడ ఒక పెద్దాయన నా మాట పూర్తికాకముందే "ఇంచుదా, మిల్లీమీటర్లదా బాబూ?" అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నతోనే ఆయన పనితనం తెలిసింది. కొన్ని అమెరికన్ ఆంప్లిఫయర్ల స్క్రూలకు 1/8 ఇంచు కీ కావాలి. అంటే 3.175 మిల్లీమీటర్లు. 3 మిల్లీమీటర్ల కీ అందులో దూరుతుంది, తిరుగుతుంది, గట్టిగా బిగించేసరికి మూలలు కొరుక్కుపోతాయి. మాది మిల్లీమీటర్లదే. కాకపోతే బిగించినవాళ్లు కొస గుండ్రంగా ఉండే అలెన్ కీ వాడినట్టున్నారు. ఏటవాలుగా తిప్పడానికి ఆ కీ బాగుంటుంది గానీ, గుంటలో అది ఆనే చోటు చాలా తక్కువ. చివరి బిగింపుకు దాన్ని వాడకూడదు.

పెద్దాయన సలహా మీద టీ20 సైజు టార్క్స్ బిట్టు (మొన ఆరు కోణాల నక్షత్రంలా ఉంటుంది), ఎడమవైపు తిరిగే డ్రిల్ బిట్లు, ఎం6 (అంటే 6 మిల్లీమీటర్ల మర) ట్యాపు, కొత్త గ్రబ్ స్క్రూలు కొన్నాను. ఎం6 గ్రబ్ స్క్రూకి 3 మిల్లీమీటర్ల కీ, ఎం5కి 2.5, ఎం8కి 4. ఈ లెక్క గుర్తుంటే కీ కొలతను బట్టే స్క్రూ సైజు చెప్పొచ్చు. ఇరుక్కున్న స్క్రూలో దించి తిప్పి తీసే ఈజీ అవుట్ కూడా ఇమ్మంటే ఆయనే వద్దన్నాడు. అది గట్టి ఉక్కు, సన్నగా ఉంటుంది, లోపల విరిగితే ఇక మామూలు డ్రిల్ దాన్ని తాకలేదు. అమ్ముకునే వస్తువును వద్దని చెప్పే వ్యాపారి దొరకడం నాకు చాలా సంతోషం కలిగించింది.

బయల్దేరే ముందు బ్యాటరీ మైనస్ తీసి, ఫ్యూజ్ లాగేసి, లావు వైర్లను టెర్మినల్ (వైరు బిగించే ఆ ఇత్తడి దిమ్మ) దగ్గర బెత్తెడు వదిలి కోసేశాను. ఆంప్లిఫయర్ విడిగా చేతికొచ్చింది. ఇది అందరికీ గట్టిగా చెప్తున్నాను: వైరు పోతే మళ్లీ కొనుక్కోవచ్చు, డిక్కీలో వంగి చీకట్లో చేసే పనిలో టెర్మినల్ విరిగితే దాన్ని అతికించడం చాలా కష్టం.

హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 275 కిలోమీటర్లు. 65వ నంబరు జాతీయ రహదారి బాగుంది. టిఫిన్‌కి సూర్యాపేటలో ఆగితే సరిపోతుంది. విజయవాడలో ముందు బస్టాండ్ దగ్గర ఒక లాడ్జి చూశాం. గది శుభ్రంగానే ఉంది గానీ సెల్లార్ పార్కింగ్ మరీ ఇరుకు, ర్యాంపు నిటారు. సామానుతో వచ్చే కారు వాళ్లకు అది పనికిరాదు. పటమట వైపు వెళ్లి ఇంకో హోటల్లో దిగాం. అద్దె కాస్త ఎక్కువే. కానీ కారు కళ్లముందు ఉంటుంది, గదిలో మంచి వెలుతురున్న బల్ల ఉంది, పైగా ఆటోనగర్ దగ్గర. ఆంప్లిఫయర్ మూత ఆ బల్ల మీదే తీసి చూసుకున్నాను. పొద్దున కాఫీ అడిగిన వెంటనే వేడిగా పంపారు. ఈ పని మీద వచ్చేవాళ్లు బస్టాండ్ వైపు కాకుండా బెంజి సర్కిల్, పటమట ప్రాంతంలోనే దిగితే హాయి.

ఇక ఆటోనగర్. లారీ బాడీ కట్టేవాళ్ల దగ్గర్నుంచి రేడియేటర్లు అతికేవాళ్ల వరకు వీధులకు వీధులు. ఎవరిని ఏది అడిగినా "ఆ మూల తిరగండి" అని చెయ్యి చూపిస్తారు, నిజంగానే ఆ మూల తిరిగితే ఉంటుంది. మాకు ఒక చిన్న లేత్ షెడ్డు చూపించారు.

"వస్తుందా బాబాయ్?" అని అడిగాను.

మేస్త్రి లైటు దగ్గరికి తీసుకెళ్లి చూశాడు. "ఎందుకు రాదండీ? ముందు మూత తీయండి. లోపల కరెంటు నిలవుందేమో చూడండి" అన్నాడు.

లోపలి పెద్ద కెపాసిటర్లలో పవర్ తీశాక కూడా కొంతసేపు చార్జ్ ఉంటుంది. మీటర్ పెట్టి చూశాం, సున్నా. ఆ తర్వాత ఆయన చేసిన పని నెమ్మదిగా చెప్తాను, ఎందుకంటే ఈ ప్రయాణంలో నేను చూసిన గొప్ప పని అదే.

బోర్డంతా మాస్కింగ్ టేపుతో, దాని మీద తడిగుడ్డతో కప్పాడు. టెర్మినల్ దిమ్మ కింద సరిగ్గా పట్టేలా ఒక చెక్క ముక్క ఆనించాడు. ఇది ముఖ్యం. ఆ దిమ్మ బోర్డుకు సోల్డర్‌తో అతికి ఉంటుంది. కింద ఆధారం లేకుండా పైన కొడితే ఆ అతుకు చిట్లుతుంది. పైకి ఏమీ కనిపించదు గానీ తర్వాత కారు కుదుపుకు పాట ఆగి ఆగి వస్తుంది. పెద్ద సోల్డరింగ్ ఐరన్ మొన స్క్రూ గుంటలో పెట్టి వేడెక్కనిచ్చాడు. చల్లారుతుండగా పుల్లతో ఒక్క చుక్క తుప్పు వదిలించే నూనె వేశాడు. డబ్బాతో పిచికారీ చేయలేదు, బోర్డు తడవకూడదని. కాసేపు టీ తాగాం. ఆ తర్వాత టీ20 బిట్టును గుంటలో నిలబెట్టి చిన్న సుత్తితో మెల్లగా దించాడు. ఆరు మూలలు పోయిన ఆ గుంటలో టార్క్స్ బిట్టు అంచులు కొత్త పట్టు చేసుకున్నాయి. ముందు విప్పే వైపు తిప్పకుండా బిగించే వైపు ఒక్క వెంట్రుకవాసి ఒత్తాడు, తర్వాత వెనక్కి. టక్కుమని ఎర్త్ స్క్రూ కదిలింది. నాకైతే గట్టిగా అరవాలనిపించింది.

12 వోల్టుల స్క్రూ అంత తేలిగ్గా లొంగలేదు. బిట్టు దిగింది గానీ జారింది. అప్పుడు ఎడమవైపు తిరిగే డ్రిల్ బిట్టు బయటికి తీశాం. దాని గొప్పతనం ఏమిటంటే అది కోసే దిశ, స్క్రూ విప్పే దిశ ఒకటే. కొసకు గ్రీజు రాసి, డ్రిల్‌ను బాగా నిదానంగా తిప్పాడు. రజనంతా గ్రీజుకే అంటుకుంది. కొంత లోతుకు వెళ్లాక బిట్టు స్క్రూను కరుచుకుంది, స్క్రూ తనంతట తనే తిరుగుతూ పైకి వచ్చేసింది. అలా రాకపోతే 5 మిల్లీమీటర్ల వరకు పెంచుకుంటూ పోయి, మిగిలిన మరను ట్యాపుతో శుభ్రం చేసే దారి ఉంది. ఎం6కి వేయాల్సిన రంధ్రం 5 మిల్లీమీటర్లే. అంతకు మించితే ఇత్తడిలోని మరే పోతుంది.

రజను ఊదనివ్వలేదు. గాలి కొడితే భాగాల కిందికి దూరుతుందని కుంచెతో తుడిచి, చిన్న వాక్యూమ్‌తో లాగాడు. ట్యాపు ఒకసారి దించి తీశాడు. కొత్త స్క్రూ వేలితోనే దిగింది. ఇంత పనికి 500 రూపాయల లోపే అడిగాడు. ఇంకా ఎక్కువ ఇస్తే వద్దన్నా జేబులో పెట్టి వచ్చాం. రెండు వీధుల అవతల ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర విడి బ్యాటరీకి తగిలించి, ముందు చిన్న ఫ్యూజు పెట్టి పవర్ ఇచ్చాం. ఎక్కడైనా షార్ట్ ఉంటే ఆ ఫ్యూజే పోతుంది, ఆంప్లిఫయర్ మిగులుతుంది. ఫ్యూజు నిలబడింది, లైటు వెలిగింది. ఇన్ని రకాల పనివాళ్లు నడిచి వెళ్లేంత దూరంలో ఉండడమే ఆటోనగర్ బలం.

రాజమండ్రిలో గోదావరి చూసి, భోంచేసి బయల్దేరాం, అంతే. రాత్రికి అన్నవరం చేరాం. రత్నగిరి మీద దేవస్థానం గదిలో దిగాం. గది సాదాసీదాగా ఉంది, నిద్ర మాత్రం బ్రహ్మాండంగా పట్టింది. పెళ్లిళ్ల రోజుల్లో గది దొరకడం కష్టం, ముందే చూసుకోవాలి. గోధుమ నూకతో చేసి ఆకులో కట్టి ఇచ్చే ప్రసాదం కోసమైనా అక్కడ ఆగాలి.

వైజాగ్‌లో బీచ్ రోడ్ హోటల్ ఒకటి చూశాం. కిటికీలోంచి సముద్రం, కానీ పార్కింగ్ ఆరుబయట, ఉప్పు గాలిలో. ఒక రాత్రికి ఏమీ కాదు గానీ, అక్కడే కారు నిలిపేవాళ్లు టెర్మినళ్లను తరచూ చూసుకోవాలి. ఉప్పు తేమకు ఇనుప స్క్రూ, ఇత్తడి దిమ్మ కలిసిన చోట తుప్పు త్వరగా పట్టి, రెండూ బిగుసుకుపోతాయి. మేం ఎంవీపీ కాలనీలో తమ్ముడి ఇంట్లోనే ఉండిపోయాం.

బిగించే పని ఒక స్థానిక షాపుకి ఇచ్చాం. అక్కడి కుర్రాడు శ్రద్ధగా చేశాడు. వైరు కొసకు సీసం పూయబోతే వద్దన్నాను. సీసం ఒత్తిడికి మెల్లగా అణిగిపోయి స్క్రూ వదులవుతుంది, మళ్లీ మళ్లీ బిగించడంతోనే మూలలు అరుగుతాయి. రాగి ఫెర్రూల్ (వైరు కొసకు తొడిగే చిన్న గొట్టం) తొడిగి నొక్కమంటే వెంటనే తెచ్చాడు. అల్యూమినియం మీద రాగి పూత వేసిన చవక వైరు బదులు పూర్తి రాగి వైరే వేయించాం. బ్యాటరీ దగ్గర ఫ్యూజు పెట్టించాం. బిగింపుకు కొస గుండ్రంగా లేని, మొన అరగని కీ వాడమని అడిగితే, "కొత్తది ఉందన్నా" అని ప్యాకెట్ విప్పాడు.

కొన్నాళ్లు తిరిగాక రాగి తీగలు కాస్త సర్దుకుంటాయి. అప్పుడు ఇంకొక్కసారి బిగించి చూడమని తమ్ముడికి చెప్పి, అలెన్ కీ అతని డాష్‌బోర్డులోనే పెట్టి వచ్చాం. వైజాగ్‌లోనే ఇలాంటి స్క్రూ పని పడితే ఊళ్లోని ఆడియో షాపుల చుట్టూ తిరగక్కర్లేదు, గాజువాక వైపు ఉన్న ఆటోనగర్‌లో లేత్ షెడ్లను అడగండి. ఆంప్లిఫయర్ విప్పి చేతిలో పట్టుకెళ్లండి, కొత్త గ్రబ్ స్క్రూలు వెంట తీసుకెళ్లండి.