స్వేల్‌డేల్ రాతి ఫామ్‌హౌస్ బస: ఇంటికి 5 స్టార్లు, రిపేర్లకి 1

ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ డేల్స్ అనే కొండలోయల ప్రాంతంలో, స్వేల్‌డేల్ లోయలో వీకెండ్‌కి అద్దెకిచ్చే పాత ఫామ్‌హౌస్‌లో ఫ్యామిలీతో దిగాం. పేరు రాయను, ఎందుకంటే నా కంప్లయింట్ అంతా ఓనర్ చేయించిన రిపేర్ల మీద, ఇల్లు మాత్రం అద్భుతం.

వాకిలి మీది రాతిలో పదిహేడో శతాబ్దం నాటి సంవత్సరం చెక్కి ఉంది, దానితో మూడు అక్షరాలు, పైన ఇంటిపేరుది, కింద మొగుడూ పెళ్లాలవి. గోడలు దాదాపు రెండడుగుల మందం. లోపలొక వరస, బయటొక వరస సున్నపురాయి పేర్చి, మధ్యలో రాతి ముక్కలు కూరి, అక్కడక్కడా గోడ మందమంతా పట్టే పొడుగు రాయి అడ్డంగా వేసి రెండు వరసల్నీ కలిపేశారు. సున్నపురాయి నున్నగా చెక్కుడుకి లొంగదు కాబట్టి మూలలకీ కిటికీలకీ ఇసుకరాయి వాడారు. కప్పు కూడా రాతి పలకలే, చూరు దగ్గర పెద్దవి, పైకి పోయేకొద్దీ చిన్నవి. అంత బరువు మోయాలి కాబట్టి లోపల ఓక్ దూలాలు చూస్తే కళ్లు తిరుగుతాయి. ఇంటిని ఆనుకుని అదే కప్పు కింద ఉన్న పశువుల కొట్టమే ఇప్పుడు డైనింగ్ హాల్ (వాసన లేదు, భయపడకండి).

ఇక అసలు బాధ. బయట రాళ్ల సందులన్నీ సిమెంటుతో పూడ్చేశారు! ఇలాంటి గోడని సున్నంతోనే కడతారు, మన పాత మండువా ఇళ్లకి గానుగ సున్నం వాడినట్టే. వాన నీళ్లు కాస్త లోపలికి పట్టినా సున్నం సందుల్లోంచి ఆరిపోతాయి, సిమెంటు వేస్తే ఆ దారి మూసుకుపోయి చెమ్మ గోడలోనే ఉండిపోతుంది, పోను పోను రాయి పైపొర కూడా పెచ్చులూడుతుంది. కింది పడగ్గదిలో గోడ అడుగున పెయింటు బుడగలు కట్టింది, ముక్కిపోయిన వాసన, పైగా తేమ లాగే మెషిన్ రాత్రంతా గుర్రుమంటూనే ఉంది. అడిగితే "పాత ఇళ్లంటే ఇంతే" అన్నాడు ఓనర్. కాదండీ, మీ మేస్త్రీ చేసిన పని అది.

వైఫై హాల్లో తప్ప ఎక్కడా రాదు, ఆ గోడలకి రమ్మన్నా రాదు. పొయ్యి గది మాత్రం సూపర్, పిల్లలు అక్కణ్ణుంచి కదల్లేదు. రేటు ఎక్కువే. వెళ్తే పై అంతస్తులో దక్షిణం వైపు గది అడగండి, పొడుగ్గా ఉన్నవాళ్లు తలుపుల దగ్గర తల వంచండి.